గోడలు ఆరని నెలలు

మా బావ ఇళ్ల బయటి గోడలకు రంగులు వేస్తాడు. ముప్పై ఏళ్లుగా నిచ్చెన మీదే కాపురం, కిందికి దిగితే మా అక్కతో కాపురం. రెండోదానిలో ఆయనకు అంత పనితనం లేదని మరదలిగా నేను ధైర్యంగా చెప్పగలను.

చలికాలం వస్తే ఆయన పని ఆగిపోతుంది. మంచుకు గోడలు చెమ్మగిల్లుతాయి. చెమ్మ మీద వేసిన రంగు వేసవికల్లా పొలుసులుగా లేచిపోతుంది. అందుకని రెండు నెలలు ఖాళీ. ఇంకొకరైతే ముసుగుతన్ని హాయిగా పడుకుంటారు. బావ మాత్రం కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాడు. కూర్చుంటాడు, లేస్తాడు, కిటికీ తీస్తాడు, మళ్లీ మూస్తాడు. వీధిలో కనబడిన ప్రతి గోడకూ చెయ్యి ఆనించి, ఆరిందేమోనని చూస్తాడు. చివరింటి ఆవిడ దొంగనుకుని కేకలు పెట్టింది కూడా. స్నానం వాయిదా, గడ్డం వాయిదా, అన్నం సగమే. చలికి భుజం పట్టేస్తే, రోజూ గోడ మీద చేతిని ఇరవైసార్లు పైకి పాకించమన్నాడు డాక్టరు. "ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్నది మరేంటండీ?" అని ఆయనతో పోట్లాడి వచ్చాడు.

నిరుడు ఊరికే ఉండలేక హాలుకు రంగు వేశాడు. చలిగాలి రాకుండా కిటికీలన్నీ బిగించి మరీ వేశాడు. బయటి గోడల మనిషి కదా, రంగు వాసన ఎటు పోతుందా అని ఆలోచించాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. అసలే ఉబ్బసం ఉన్న అక్క మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. అందుకే ఈ ఏడు చలి మొదలవగానే బ్రష్షులన్నీ మూటగట్టి, పై వాటాలో ఉండే నాకిచ్చింది.

"అడిగినా ఇవ్వకు, ఏడ్చినా ఇవ్వకు," అంది.

మొన్న మధ్యాహ్నం అక్క బజారుకు వెళ్లినప్పుడు కిందికి దిగాను. పడకగది కిటికీలన్నీ మూసి ఉన్నాయి. లోపల బావ కొత్త బ్రష్షు పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. పక్కనే మూత తీసిన రంగు డబ్బా.

నాకు ఒళ్లు మండిపోయింది. "బుద్ధుందా బావా? ఈసారి అక్కను చంపేస్తావా?"

"అరవకే. ఇంకా ముంచలేదు, చూడు." బ్రష్షు నిజంగానే పొడిగా ఉంది. "గంట నుంచి ఇలాగే ఉన్నా. ముంచితే మీ అక్కేమవుతుందోనని భయం. ముంచకపోతే నేనేమైపోతానోనని భయం."

ఎప్పుడొచ్చిందో, అక్క సంచితో గుమ్మంలో ఉంది. ఇక యుద్ధమే అనుకున్నాను. ఆవిడ డబ్బాకు మూత బిగించి, కిటికీలు బార్లా తెరిచి, మంచం మీద కూలబడింది.

"మీకూ భయమేస్తుందా?" అంది.

"పని లేకపోతే నేనెందుకున్నానో తెలియట్లేదే. తెల్లారితే చాలు, గుండెల్లో రాయి పడుతుంది. ఎవరితో చెప్పుకోను?"

"ఇన్నాళ్లూ గోడలతో చెప్పుకున్నారుగా!" వెక్కిరించబోయిన అక్క, మంచం మీద పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది. "రేపట్నించీ లేవగానే నాతో చెప్పండి. బాగాలేదు అనండి, చాలు."

మర్నాడు పొద్దున బావ కేక నా వాటా దాకా వినబడింది.

"ఏమే, బాగాలేదు!"

వీధిలోకి అప్పుడే ఎండ వస్తోంది. నేను కిందికి దిగేసరికి, అక్క పాలు పొంగకముందే స్టవ్ కట్టేసి, శాలువా ముక్కు దాకా చుట్టుకుని, ఆయన్ని చెయ్యి పట్టి ఎండలోకి లాక్కుపోయింది.