సిమ్ లేని ఫోను

రౌటర్‌ను గోడ మీది నుంచి దించి వెనక్కి తిప్పగానే గుప్పుమని ఆ వాసన కొట్టింది. వేడెక్కిన ప్లాస్టిక్కూ, సందుల్లో ఇరుక్కున్న దుమ్మూ కలిసి కాలీ కాలని వాసన. వికారాబాద్‌లో కొత్తగా కట్టుకున్న ఇల్లది. ఇంటాయన సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, "అమ్మా, పిచ్చి పిచ్చియి రాకుండ నెట్‌కు ఫిల్టర్ పెడ్తరంట గదా, గది పెట్టు. అందరికి అవసరం లేదు. మా బిడ్డ ఫోన్‌కు పెడితే చాలు" అన్నాడు. ఆ బిడ్డ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె తమ్ముడు తండ్రి పక్కనే ఉన్నాడు, ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పెడితే ఇంటందరికి పెడ్త సార్. లేకుంటే సంచి సర్దుకోని పోత" అన్నాను. "గింతదానికి గంత కోపమేందమ్మా" అని ఆయన నవ్వాడు. నవ్వాడు! సంచి సర్దుకుని వచ్చేశాను. ఇంటికి చేరేదాకా షాహీన్ ఆపానే గుర్తొచ్చింది.

మాకు పెద్దక్కలాంటి షాహీన్ ఆపా మీకెవరికీ తెలియదు. తాండూరులో మాత్రం ఆమెను ఎరగని గల్లీ లేదు. భర్త కేబుల్ టీవీ నడిపేవాడు. ఆయన పోయాక మరుదులు వచ్చి, ఈ తీగల గోల నీకెందుకు, అమ్మేసి ఇంట్లో కూర్చోమన్నారట. వాళ్ళకు చాయ్ పోసి, గుమ్మం దాకా సాగనంపి, మర్నాడు పొద్దున్నే దుకాణం తాళం తీసింది. ఊళ్ళోకి ఇంటర్నెట్ వచ్చినప్పుడు కేబుల్ పక్కన పడేసి అదీ నేర్చుకుంది. నా పేరు రూతు. బషీరాబాద్ దగ్గరి పల్లె నుంచి కంప్యూటర్ డిగ్రీ పట్టుకుని తాండూరు వచ్చాను. ఏ దుకాణంలో పని అడిగినా నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఆడపిల్లవు, నిచ్చెన ఎక్కుతవా?" అని ఇకిలించేవాళ్ళు. ఆపా అదేమీ అడగలేదు. "నీకు కోపమొస్తదా?" అంది. "మస్తొస్తది ఆపా" అన్నాను. "అయితే రేపటి సంది రా. మెత్తగున్నోళ్ళను గీ మొగోళ్ళు నమిలి మింగుతరు."

మొదట్లో నా పనంతా బ్రష్షుతో దుమ్ము దులపడమే. నాపరాయి పాలిష్ చేసే యూనిట్ల పొడి తాండూరులో చొరని వస్తువు లేదు, రౌటర్ల పొట్టలో కూడా తెల్లగా పేరుకుపోయేది. తర్వాత ఇళ్ళకు తీసుకెళ్ళింది. నెట్‌కు ఫిల్టర్ పెట్టడమంటే ఏమిటో నా డిగ్రీ పుస్తకంలో ఉంది, కానీ ఇంట్లోవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. "ఫోన్‌కు ఏం తెల్వదమ్మా. నువ్వొక పేరు కొడితే, గదెక్కడున్నదని ఒకణ్ణి అడుగుతది. గా అడ్రసు చెప్పెటోణ్ణి మారుస్తున్న, గంతే. కొత్తోడు చెడ్డ జాగల పేరు అడిగితే నాకు తెల్వదు పో అంటడు." డీఎన్ఎస్ అనే మాట ఎత్తకుండానే ముసలివాళ్ళకు కూడా తెలిసిపోయేది. ఇక ఐపీ అడ్రసుల దగ్గర ఆమెకు ఒక పట్టుదల ఉండేది. ఇంట్లో ప్రతి పరికరానికీ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది. మామూలుగా ఆ నంబరు మారుతూ ఉంటుంది. కావాలంటే మారకుండా కట్టేయవచ్చు. అలా కట్టేస్తే ఆ ఒక్కదానికే ఆంక్షలు పెట్టవచ్చు. "కెమెరాకు కట్టు, టీవీకి కట్టు, ప్రింటర్‌కు కట్టు" అనేది ఆపా. "మనిషి ఫోన్‌కు మాత్రం కట్టకు బేటీ. కట్టినవంటే ఇంట్ల ఎవరికి నోరు లేదో వాళ్ళ మీదనే తాళం పడ్తది."

అందుకే ఏ ఇంటికి వెళ్ళినా ముందు అందర్నీ హాల్లోకి పిలిపించేది. తాత దగ్గర నుంచి పిల్లల దాకా ఎవరి ఫోను వాళ్ళు తెచ్చి చాప మీద పెట్టాలి. ఏం మూసేస్తోందో పైకి చదివి, అందరూ సరేనన్నాకే రౌటర్ ముట్టుకునేది. మగవాళ్ళు సణిగేవాళ్ళు. ఒకింట్లో ఒక మీసాలాయన, "నేను పెద్దమనిషిని, నాకెందుకు ఫిల్టర్?" అన్నాడు. "మీ కోసమే భాయ్, ఎక్కువ పరేషాన్ చేసేది పెద్దమనుషులే" అని ఆపా అంటే ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. బయటికొచ్చాక మేమిద్దరం కూడా రోడ్డు మీదే పడీ పడీ నవ్వుకున్నాం. అందరికీ ఒకటే న్యాయం అన్నది ఆపా గర్వం. నాకూ అదే గర్వం ఉండేది.

కందుల వ్యాపారి బసప్ప సేటు ఇంటికి వెళ్ళింది అలాంటి రోజుల్లోనే. ఆయన కూతురు మంజుల డిగ్రీ చదువుతోంది, పాఠాల కోసం ఫోను కొనిచ్చారు. సేటు కూడా మొదట అందరూ అడిగినట్టే అడిగాడు, ఆ పిల్లకు మాత్రమే పెట్టమని. ఆపా తన మామూలు ధోరణిలో ఎగిరింది. ఆశ్చర్యమేమిటంటే ఆయన ఏమాత్రం బెట్టు చేయలేదు. "అట్లనే కానీ ఆపా, అందరికి పెట్టు. నాకేం దాపరికం. గట్టిది పెట్టు కానీ" అన్నాడు. ఆపాకు పట్టరాని సంతోషం. ఉన్నవాటిలో అన్నిటికంటే గట్టిది పెట్టింది. అశ్లీలమే కాదు, ఆడా మగా ఒంటికి సంబంధించిన ప్రతిదీ ఆ ఒక్క గంపలో పడి మూసుకుపోయేంత గట్టిది. తిరిగొచ్చేటప్పుడు స్టేషన్ రోడ్డులో నాకు మిరపకాయ బజ్జీలు కొనిపెట్టి, "చూసినవా, సేటు ఎంత మంచోడు" అని మురిసిపోయింది.

కొన్ని నెలలు పోయాక సేటు ఇంట్లో కెమెరా పనిచేయడం లేదని కబురొస్తే వెళ్ళాం. ఇల్లు తాళం వేసి ఉంది. మంజుల కాలేజీలో పడిపోయిందని, ఆసుపత్రిలో చేర్చారని పక్కింటావిడ చెప్పింది. ఉన్నపళంగా ఆటో ఎక్కి పోయాం. ఆ పిల్లను చూద్దును కదా, పెదవులకూ గోళ్ళకూ రంగే లేదు. రక్తం ఎక్కిస్తున్నారు. తల్లి మంచం పక్కన కూలబడి, నెలసరి ఆగకుండా అవుతూనే ఉందట, ఇంకొన్నాళ్ళయితే పిల్ల దక్కేది కాదని డాక్టరమ్మ అందని చెప్పి ఏడ్చింది. ఆపా మంజుల తల నిమురుతూ, "ఎవరికన్న చెప్పకపోతివి బిడ్డా" అంది.

"అమ్మకు చెప్పిన ఆపా. అందరికి అయ్యేదే, నోరు మూసుకో అన్నది." తల్లి తల వంచుకుంది. మంజుల ఆగి ఆగి చెప్పింది. "ఫోన్ల చూద్దామనుకున్న. ఎతికితే పేర్లు కనిపిస్తయి, ఒత్తితే తెరుసుకోవు. ఏది ఒత్తినా గంతే. గివి చూసుడు తప్పేమో, అందుకే బంద్ పెట్టిండ్రేమో అనుకున్న. మల్ల చూస్తే నాయినకు తెలుస్తదని భయమైంది."

ఆపా ముఖం మాడిపోయింది. "అందరికి ఒకటే పెట్టిన గద బిడ్డా" అంది, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. "మీ నాయినకు, తమ్మునికి గూడ గదే గద."

"వాళ్ళకు సిమ్ములున్నయ్ గదా ఆపా. వైఫై బంద్ చేసి దేంట్లనన్న చూసుకుంటరు. నా ఫోన్ల సిమ్ము లేదు."

మా వైపు ఇళ్ళలో ఇదొక రివాజు. కూతురికి ఫోను కొంటారు, కొన్నామని పదిమందికీ చెప్పుకుంటారు, సిమ్ మాత్రం వేయరు. సిమ్ వేస్తే ఎవడో ఫోన్ చేస్తాడట, పిల్ల చేయి దాటిపోతుందట. ఇంటి వైఫై దాటితే ఆ ఫోను ఒట్టి అద్దం ముక్క. కొడుక్కి మాత్రం మీసం మొలవకముందే రెండు సిమ్ములు. వీళ్ళ పోయేకాలం రాను! సేటు అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు అర్థమైంది. చాప మీద ఫోన్లన్నీ పెట్టించి, మేం అందరికీ సమానంగా వేశామనుకున్న తాళం ఆ ఇంట్లో ఒక్కదాని మీదే పడింది. ఎన్ని ఇళ్ళలో అలా వేసి, ఎంత గర్వంగా బయటికొచ్చామో!

అంతలో సేటు మందుల సంచితో వచ్చాడు. ఆపా వరండాలోనే నిలదీసింది. "నీ బిడ్డ ఒంట్ల నెత్తురు చుక్క లేదు సేటూ. రోజు నీకు బువ్వ పెట్టే పిల్ల. నీకు కండ్లు లేవా?"

"జర మెల్లగ, ఆపా. ఆడోళ్ళ రోగాలు నాకేం తెలుస్తయి?" అని ఆయన అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు గట్టి చేసుకున్నాడు. "అయినా పెట్టింది నువ్వే గదా? నీ చేతుల్తోనే గదా బంద్ చేసినవ్?"

ఆపా మాటకు తడుముకోవడం నేను అప్పుడే చూశాను. "అవును. నేనే పెట్టిన" అంది. "నా తప్పుకు నేను జవాబిస్త. మరి సిమ్ము తీసింది ఎవరు? నోరు మూసుకో అని నేర్పింది ఎవరు? గా జవాబు నువ్వియ్యి."

"నలుగురు వింటున్నరు ఆపా!"

"విననీ! పిల్ల నెత్తురు కారి పడిపోయినప్పుడు గా నలుగురు యాడ సచ్చిండ్రు?"

వార్డులో వాళ్ళంతా బయటికొచ్చి చూశారు. సేటు మందుల సంచి బెంచీ మీద పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆటోలో తిరిగొచ్చి దుకాణం దగ్గర దిగాక ఆపా నా వైపు చూడకుండా అంది. "ఇన్ని దినాలు ఏం చేసినం రూతూ? మూసినయి మూసుకున్నయా లేదా అని చూసినం. పిల్లకు కావల్సింది తెరుసుకుంటదా లేదా అని ఒక్క ఇంట్లనన్న చూసినమా?"

మర్నాటి నుంచి ఫిల్టర్ పెట్టిన ప్రతి ఇంటికీ మళ్ళీ తిరిగాం. గట్టిది తీసేసి, ఆరోగ్యం పేజీలు వదిలేసే ఫిల్టర్ పెట్టాం. ఆపా కొత్త పద్ధతి మొదలుపెట్టింది. పనైపోయాక మళ్ళీ అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, ఆ ఇంటి ఆడపిల్ల చేతికి ఫోనిచ్చి, "ముట్టు ఎక్కువైతే ఏం చెయ్యాలె, కొట్టు బిడ్డా" అనేది, గల్లీ చివరికి వినిపించేంత గట్టిగా. మగవాళ్ళు చెప్పులు వెతుక్కునేవాళ్ళు. "కూసోండి!" అని అరిచేది. "పేజీ తెరుసుకునేదాక ఎవరు లేవొద్దు. గీ ముట్టులకెల్లి పుట్టినోళ్ళే గదా మీరంత." సిమ్ కూడా వేయమని పోట్లాడింది. ఒకరిద్దరు వేశారు. చాలామంది మా కనెక్షనే తీసేయించుకున్నారు. సేటు బజారంతా తిరిగి, ఆ ఆపాకు సిగ్గూ శరమూ లేదని, ఆడపిల్లల్ని చెడగొడుతుందని చాటాడు. రక్తం ఎక్కించి బతికించుకున్న కూతుర్ని ఇంట్లో పెట్టుకుని అన్నాడా మాట! నేను పోయి చెప్పుతో కొడతానంటే ఆపా నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నీ కోపం గానికి ఖర్చు పెట్టకు. రేపటి ఇంటికి దాచుకో" అంది.

ఆపాను షుగర్ తినేసింది. జనాజా నాడు అంతిమయాత్రకొచ్చి, మా కనెక్షన్ పీకించిన పెద్దమనుషులంతా టోపీలు పెట్టుకునీ, చేతులు కట్టుకునీ నిలబడి, చాలా మంచి మనిషి అన్నారు. నేను వాళ్ళ ముఖాలు చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డాను. మంజుల వచ్చింది. ఒళ్ళు చేసి ఆరోగ్యంగా ఉంది. నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత నేను వికారాబాద్ వచ్చి సొంతంగా పని మొదలుపెట్టాను. శాంతంగా ఉండు, గిరాకీలు పోతాయని అందరూ బుద్ధులు చెబుతారు. పోతే పోనీ.

మొన్న కోట్‌పల్లిలో ఒక ఇంట్లో ఫిల్టర్ పెట్టాను. పనైపోయాక ఇంటర్ చదివే పిల్లను పిలిచి, ఏం కొట్టాలో ఆపా చెప్పినంత గట్టిగానే చెప్పాను. తాత దగ్గుకుంటూ బయటికి పోయాడు. తండ్రి తల పైకెత్తి ఫ్యాను చూడటం మొదలుపెట్టాడు. పిల్ల ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది. పేజీ తెరుచుకుంది. "ఇగ అయిపాయె గదమ్మా, చాలు తియ్" అని తండ్రి అన్నాడు. నేను సంచి సర్దుకోబోతుంటే, అప్పటిదాకా వంటింట్లోంచి తొంగిచూస్తున్న తల్లి తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కూతురి పక్కన కూర్చుంది. భర్త వైపు చూడలేదు. "నాకు సదువు రాదు బిడ్డా" అంది. "ఎన్ని దినాలైతే దవాఖానకు పోవాల్నో, గది జర గట్టిగ సదువు."

కొడుకు లేచి బయటికి పోబోయాడు. "కూసో" అన్నాను. కూర్చున్నాడు. పిల్ల చదవడం మొదలుపెట్టింది.