టీచర్ పక్క సీటు

ఆదివారం పొద్దున బెల్లం పాకం దించబోతుండగా ఫోను మోగింది. టీచర్ వాళ్ళ అన్నగారు. ఆయన నాతో ఎప్పుడూ తమిళంలోనే మాట్లాడేవారు. ఆ రోజు మాత్రం తెలుగులో, "పాప పోయిందమ్మా" అన్నారు. అరవై దాటిన చెల్లెల్ని ఆయన చివరిదాకా పాప అనే పిలిచారు. కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే తల వాల్చేసిందట. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడట. నేను ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా ఆయన వచ్చి పొయ్యి ఆర్పేసరికి పాకం మాడిపోయింది. తమిళనాడులో, కోవిల్పట్టిలో మాది వేరుశనగ మిఠాయి చేసే చిన్న షెడ్డు. ఆ రోజు షెడ్డు మూసేశాం.

ఆవిడ మా ఊరి ఆడపిల్లల బడిలో పి.టి. టీచర్. తల్లులకు హాకీ నేర్పి, తర్వాత వాళ్ళ కూతుళ్ళకూ నేర్పిన మనిషి. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, మెళ్ళో విజిల్‌తో మాతో సమానంగా పరిగెత్తేవారు. నేను ఆరో తరగతిలో ఉండగా ఒకసారి గులకరాళ్ళ మీద పడి "అయ్యో, నా మోకాలు పగిలిపాయనే" అని తెలుగులో ఏడ్చాను. మా ఇళ్ళలో తెలుగు గడప దాటి రాదు. బడిలో, బజార్లో అంతా తమిళమే. దెబ్బ తగిలినప్పుడు మాత్రం అది మన మాట వినదు. టీచర్ వంగి, నా చెవి దగ్గర మెల్లగా అన్నారు. "మనోళ్ళ పిల్లవా నువ్వు? సరి, ఏడుపు ఇంట్లో పెట్టుకో. ఇప్పుడు లెయ్యి." అప్పట్నుంచీ నాకు తిట్లూ తెలుగులోనే పడ్డాయి, మెచ్చుకోళ్ళూ తెలుగులోనే పడ్డాయి. మేం రొప్పుతూ కూలబడితే ఆవిడ అనే మాట ఒకటుంది. "అలిసినాక ఆడేదే ఆట. అంతకు ముందర ఆడేది ఉత్త ఎగురుడు."

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. అన్నావదినల ఇంట్లోనే పై గదిలో ఉండేవారు. రిటైరైన రోజు సభలో శాలువా కప్పి, ఇక ఏం చేస్తారని హెడ్‌మిస్ట్రెస్ అడిగారు. కారు కొంటానన్నారు టీచర్. ఏం కారని అడిగితే స్పోర్ట్స్ కారన్నారు. సభంతా నవ్వింది. "నవ్వుతారెందుకు? నేను స్పోర్ట్స్ టీచర్ని కదా. నాకు స్పోర్ట్స్ కారు కాక ఇంకేం కారు?" అన్నారు. అది హాస్యమే అనుకుని అందరం చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోయాం.

కొన్నాళ్ళకు ఆవిడ తన మోపెడ్ మీద మా షెడ్డుకు వచ్చారు. దిగి, వెంటనే లోపలికి రాకుండా కాసేపు హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డారు. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

"పిల్లా, నీకు వండి తోలను వస్తాది గదా?" అన్నారు. వండి అంటే మా వైపు బండి.

"మిఠాయి లోడు వండి తోలతాను టీచర్. వారం వారం విరుదునగరం అంగళ్ళకు నేనే పోతాను."

"చాలు. ఈసారి మిఠాయి డబ్బాల పక్కన నన్నూ ఎక్కించుకో. ఆడ ఒక కారుండాది. పాతదే. చూసొద్దాము."

విరుదునగరంలో ఆ కారు ఉన్నది ఎండుమిరపకాయల గోదాములో. దాని యజమాని ఆ వ్యాపారుల ఇంటి చిన్న కొడుకు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు సరదాగా కొనుక్కున్నాడు. తండ్రికి ఆరోగ్యం బాగాలేక ఊరికి తిరిగి వచ్చాడు. ఆ తర్వాత పెళ్ళయింది, కవల పిల్లలు పుట్టారు. కారుకు ఉన్నవి రెండే సీట్లు. "ఎవర్ని ఎక్కించాలి, ఎవర్ని దించాలి టీచరమ్మా?" అన్నాడు పాపం. మిరప బస్తాల మధ్య, గోనెపట్టాల కింద నిద్రపోతున్నట్టు ఉంది అది. పట్టా లాగితే ముదురు నీలం రంగు బయటపడింది. నేల మీద పాకినట్టు ఎత్తు తక్కువగా ఉంది. తలుపు తీశాడో లేదో, లోపలి ఘాటు ఒక్కసారిగా ముక్కులకు తగిలి ముగ్గురం తుమ్మడం మొదలుపెట్టాం.

"దీనికి జలుబు పట్టినట్టుండాదే" అన్నారు టీచర్ తెలుగులో, కళ్ళు తుడుచుకుంటూ.

"ఏమంటున్నారు?" అని అతను తమిళంలో నన్ను అడిగాడు.

"బాగుందంటున్నారు" అన్నాను.

అతను మంచివాడు. ఎడమ తలుపు ఒకసారి స్తంభానికి గీసుకుపోతే మళ్ళీ రంగు వేయించానని అడగకముందే చెప్పాడు. దగ్గరలోని మెకానిక్కును పిలిపించాం. ఇంజను బాగుంది, నిలబడి నిలబడి టైర్లు గట్టిపడ్డాయి, మార్చాలి, క్లచ్ మాత్రం బాగా బిగువు అన్నాడు అతను. టీచర్ అన్నీ విని, "చివరిసారి ఎప్పుడు పరిగెత్తింది?" అని మాత్రం అడిగారు, కొత్తగా జట్టులో చేరే పిల్లను అడిగినట్టు.

తర్వాత, ఎప్పుడో తీసుకున్న లైసెన్సు ధైర్యంతో ఆవిడ నడిపే సీట్లో కూర్చున్నారు. కారు ఒక్కసారి ఎగిరిపడి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశారు, మళ్ళీ ఆగిపోయింది. ఎండ లేకపోయినా ఆవిడ నుదుట చెమట పట్టింది. ఎడమ చేత్తో మోకాలిని గట్టిగా పట్టుకుని ఉండడం అప్పుడు చూశాను. కాసేపటికి తాళం తీసేసి, "పిల్లా, దిగేదానికి చెయ్యి ఇయ్యి" అన్నారు. రెండు చేతులూ పట్టి లాగితే గానీ లేవలేకపోయారు. మైదానంలో అందర్నీ లేపిన మనిషి. ఆ కుర్రాడు చాలా మర్యాదగా, క్లచ్ లేని కార్లు కూడా ఉంటాయని చెప్పాడు. "చూస్తాను బాబూ" అన్నారు టీచర్.

తిరుగు దారిలో సాత్తూరు వచ్చింది. అక్కడ టీకొట్టు దగ్గర బండి ఆపాను. ఆవిడ గ్లాసు చేతిలో పట్టుకుని చల్లారేదాకా తాగలేదు.

"నేను పరిగెత్తి చానా నాళ్ళయింది పిల్లా" అన్నారు. "ఎవరికీ తెల్దు. విజిలు ఊదతా గీత పక్కన నిలబడితే సరిపాయ. రిటైరయ్యేదాకా అట్లనే నిలబడినాను. డాక్టరు ఆపరేషను అంటాడు. నాకు బయము."

"మీకా?"

"నాకే పిల్లా. పడితే లెయ్యండి అని ఊర్లో పిల్లోళ్ళందరికీ చెప్పినాను. ఆ టేబులు మీద పండుకోవాలంటే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడవు." కాసేపు రోడ్డు మీద పోయే బస్సుల్ని చూశారు. "బస్సులో పోతే వేగం వాళ్ళది. మోపెడ్ దానికి వేగమే లేదు. చిన్నప్పట్నుంచీ నా వేగం నాదిగా ఉండె. అది నాకు కావాల."

నోటికొచ్చింది అనేశాను. "అయితే మోకాలికని చేయించుకోవద్దు టీచర్. క్లచ్చుకని చేయించుకోండి."

ఆవిడ నవ్విన నవ్వుకు సగం టీ చీర మీద పడింది.

మదురైలో డాక్టరు దగ్గరికి వాళ్ళ అన్నగారూ నేనూ తోడు వెళ్ళాం. ఆపరేషన్ అయ్యాక కింద కూర్చోవచ్చా, మెట్లెక్కవచ్చా అని అందరూ అడుగుతారట. టీచర్ మాత్రం "క్లచ్ తొక్కవచ్చా?" అని అడిగారు. డాక్టరు పెన్ను కింద పెట్టి, ఆవిడ మొహం చూసి, బాగా వ్యాయామం చేస్తే తొక్కవచ్చన్నాడు. బయటికి రాగానే అన్నగారు మండిపడ్డారు.

"ఊరంతా నవ్వతారు పాపా. ఈ వయసులో, ఒంటి ఆడది, అట్లాంటి కారా?"

"నవ్వనీ అన్నా. ఊరు నవ్వితే మనకేమి నొప్పి?"

ఆపరేషన్ అయింది. మొదటి వారాలు కష్టంగా గడిచాయి. నొప్పికి ఆవిడ ఏడవడం నేను చూశాను. ఏడుస్తూనే కాలు చాపేవారు. మంచం కోడుకు రబ్బరు పట్టీ కట్టి, దాన్ని పాదంతో తోస్తూ "ఫస్టు గేరు, సెకండు గేరు" అనేవారు. వాళ్ళ వదిన కూరగాయలు తరుగుతూ పక్కన కూర్చుని, ఆగితే చాలు, "ఏమి, వండి నిలిచిపాయనా?" అని గద్దించేది. మేం పాత విద్యార్థులం వంతులేసుకుని వెళ్ళేవాళ్ళం. కారు తనకే ఉంచమని టీచర్ ఆ గోదాము వాళ్ళకు ముందే చెప్పారు. ఒక రోజు విరుదునగరం నుంచి ఆ కుర్రాడి భార్య ఫోను చేసింది. కారు అడగడానికి ఎవరో వచ్చారని, తన భర్త ఇచ్చేస్తానంటున్నాడని చెప్పి, ఆ అమ్మాయే మళ్ళీ అంది. "నేను వద్దన్నాను టీచరమ్మా. మీరు నడిచి రండి. అంతవరకూ మిరపకాయలే దానికి కాపలా."

టీచర్ నడిచే వెళ్ళారు. గోదాము వీధి మొదట్లోనే నా బండి ఆపించి, అక్కణ్ణుంచి చేతికర్ర లేకుండా నడిచారు. కారుకు అప్పటికే కొత్త టైర్లు వేయించి ఉంచారు. కూర్చున్నారు, తుమ్మారు, ఎడమ కాలు ఆనించారు. కారు కుదుపు లేకుండా కదిలింది. వీధి చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. ఆ కుర్రాడూ, చెరొక చంకన పిల్లలతో అతని భార్యా, నేనూ రోడ్డు మీద నిలబడ్డాం. ఎంతకీ రాదు. "ఆవిడకు ఈ ఊరి దారులు తెలుసా?" అని అతను కంగారుపడ్డాడు. అంతలో వెనక వీధి వైపు నుంచి ఇంజను శబ్దం వినిపించింది. ఊరు చుట్టి వచ్చారు ఆవిడ. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. మిరప ఘాటుకో, మరి దేనికో, నేను అడగలేదు.

కాగితాలు మారిన రోజున కోవిల్పట్టికి ఆవిడ ముందు కారులో, నేను వెనక ఖాళీ డబ్బాల బండిలో బయల్దేరాం. సాత్తూరు దాకా ఎంత నెమ్మదిగా పోయారంటే, బస్సులన్నీ హారన్ కొట్టి దాటిపోయాయి. సాత్తూరు దాటాక రోడ్డు తిన్నగా సాగింది. ఉన్నట్టుండి ఆ నీలం కారు నా ముందు నుంచి జారిపోయి చుక్కంతయింది. ఊరి మలుపు దగ్గర చెట్టు నీడన ఆగి, కారుకు ఆనుకుని నిలబడి ఉన్నారు. "ఏమిటికి ఇంత నిదానం?" అన్నారు నన్ను.

ఆ కారుతో సులువేమీ కాలేదు. మా ఊరి స్పీడ్ బ్రేకర్లకు దాని కడుపు గీసుకునేది. అందుకని ప్రతి ఎత్తు దగ్గరా పక్క సీట్లో ఉన్నవాళ్ళం దిగి, కారు దాటాక మళ్ళీ ఎక్కేవాళ్ళం. ఆవిడ నన్ను బడి రోజుల్లోలా మళ్ళీ పరిగెత్తించారని మా ఆయన ఏడిపించేవాడు. ఉన్నది ఒక్క సీటే కాబట్టి ఆవిడ ఒకసారికి ఒక్కరినే పిలిచేవారు. "గ్రౌండులో అందరికీ కలిపి ఒకే విజిలు. ఎవరితోనూ కూసోని మాట్లాడింది లేదు. ఇప్పుడు మాట్లాడతాను" అనేవారు.

మాలో ఒకమ్మాయి ఉంది. ఒకప్పుడు మా గోల్‌కీపరు. పెళ్ళయ్యాక తాయిల్పట్టిలో బాణసంచా పనికి వెళ్ళి, మంట అంటుకుని ఒక చెయ్యీ, చెంపా కాలాయి. ఆ తర్వాత గడప దాటడం మానేసింది. అందరూ చూస్తారని బాధ. టీచర్ వాళ్ళ వాకిట్లో కారు ఆపి, తలుపు తెరిచి పట్టుకున్నారట. "జనము కారును చూస్తారు. నిన్నెవరు చూస్తారు? రా." నిజంగానే దారి పొడుగునా జనం కారునే చూశారట. కళుగుమలై దాకా వెళ్ళి, కొండ కింద ఇడ్లీ తిని వచ్చారు. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ వెళ్ళారు. కొన్నాళ్ళకు ఆ అమ్మాయి బస్సులో తనే వెళ్ళడం మొదలుపెట్టింది. ఇప్పుడు సొంతంగా కుట్టుమిషను పెట్టుకుంది.

అన్నగారు చాలాకాలం ఆ కారు వైపు చూడలేదు. ఒక రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చి, ఆటో దొరక్క, తప్పక ఎక్కారు. మర్నాటి పొద్దుటి నుంచి తడిగుడ్డతో దాని అద్దం తుడిచేవారు.

ఆవిణ్ణి సాగనంపిన రోజు వాళ్ళ వీధిలో నిలబడ్డ ఆడవాళ్ళలో నెరిసిన జుట్టువాళ్ళున్నారు, యూనిఫారం పిల్లలున్నారు. మాటల్లో తెలిసింది, ఆ కారులో కూర్చుని తన మనసులోది ఆవిడకు చెప్పుకున్నది తానొక్కతే అని ప్రతి ఒక్కరూ అనుకుంటున్నారని. నేనూ అలాగే అనుకున్నాను. ఆవిడ ఒకరి మాట ఇంకొకరికి చెప్పలేదు.

కర్మలన్నీ అయ్యాక అన్నగారు కారు తాళాలు నా చేతిలో పెట్టారు. "నిలబెడితే చెడిపోతాదమ్మా. నువ్వు తోలు. కుదిరినప్పుడు నన్నూ పిలువు."

పోయిన వారం విళాత్తికుళం దారిలో వెళ్ళాను. ముందు రోజు వాన పడింది. రెండు వైపులా నల్లరేగడి తడిసి మెరుస్తోంది. మనోళ్ళ పల్లె మలుపులో ఒక ముసలామె గడ్డిమోపుతో నిలబడి, ఆగకుండా వెళ్ళిపోతున్న బస్సు వైపు చూస్తోంది. ఆపాను. ఆమె కారును అటూ ఇటూ చూసి, మోపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటూనే సీటులోకి దిగబడిపోయింది.

"ఓయమ్మా, నేల మీదనే కూసున్నట్టుండాదే!" అని పకపకా నవ్వింది.

కొంతదూరం పోయాక నా వైపు తిరిగింది. "ఏం తల్లీ, ఇది ఇంతేనా? ఇంకా బిరీన పోదా?"

పోతుందన్నాను. గేరు మార్చాను. ఆమె రెండు చేతులా మోపును కావలించుకుని, బోసినోటితో నవ్వుతూనే ఉంది. తెరిచిన కిటికీలోంచి పచ్చగడ్డి పోచలు ఒక్కొక్కటే లేచి, మా వెనక ఆ నల్లటి రోడ్డు మీద ఎగిరిపోతున్నాయి.