గ్లౌజుల అలమర

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే గదిలో ఆమె పదకొండేళ్లుగా పనిచేస్తోంది. చేరిన కొత్తలో, "ఈ ఉతికే పొడి చేతుల్ని మండిస్తోందేంటి సార్?" అని సూపర్‌వైజరును అడిగింది. "పని చేయడానికొచ్చావా, ఆరాలు తీయడానికొచ్చావా?" అని అతను కసిరాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ నోరు మెదపలేదు. అరచేతులు పొరలు లేచి, పగిలి, కాస్త ఉప్పు తగిలినా చురుక్కుమనేవి. ఒంటి తత్వమేమోలే అని సరిపెట్టుకుంది.

ఒకనాడు జడ వేస్తుంటే మనవరాలు మెడ పక్కకు లాక్కుంది. "అమ్మమ్మా, నీ చేతులు గీసుకుంటున్నాయి. ఎందుకలా ఉన్నాయి?"

ఆమె జడ వదిలి అరచేతులు తిప్పి చూసుకుంది.

మర్నాడు పొడి డబ్బా పట్టుకుని స్టోరు గుమాస్తా దగ్గరకెళ్లింది. "బాబూ, దీని మీద ఏం రాసుందో కాస్త చదివి చెప్తావా?"

"గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదంట. డబ్బాకో జత వస్తుంది కదమ్మా! ఆ అలమర నిండా అవే. ఎవరూ అడక్కపోతే మీకు అక్కర్లేదనుకున్నా."

ఆమెకు కోపం కూడా రాలేదు. కోప్పడే ఓపిక లేదు. అక్కడే బస్తా మీద కూలబడి, ఒక జత మెల్లగా తొడుక్కుంది. "ఆ పక్క అలమరలో ఏమున్నాయి బాబూ?" అని అడిగింది.