కుర్చీ సంగతి చెప్పలేదు

ముప్పై రెండేళ్లు పిల్లలకి ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. తర్జుమాలో ఒక్క మాట ఎగరగొట్టినా మార్కు కోసేదాన్ని. "నీకు తోచింది రాయమనలేదు, అక్కడున్నది రాయమన్నాను" అని నేను చెవి మెలిపెట్టినవాళ్లు ఈ రాజమండ్రిలోనే బోలెడుమంది ఉంటారు. అలాంటి నేను, రిటైరైన మూడో ఏట, చైనాలో ఒక ఓడ మీద, టిఫిన్ బల్ల దగ్గర కూర్చుని మా తోటికోడలికి ఒక మాట తప్పుగా చెప్పాను. అర్థం కాక కాదు, బాగా అర్థమయ్యే చెప్పాను.

తోటికోడలంటే మా బావగారి భార్య. నాకన్నా ఆరేళ్లు పెద్ద. కాపురానికొచ్చిన రోజు నుంచీ నేను ఆవిణ్ని అక్క అనే పిలిచాను. మా బావగారు లాంచీ సరంగు. రాజమండ్రి రేవులో పొద్దున్నే బయల్దేరి, పోలవరం దాటి, పాపికొండల మధ్య నుంచి పై ఊళ్లకి మనుషుల్నీ, బుట్టల్నీ, మేకల్నీ చేరేసే లాంచీ నడిపేవారు. ఇంటికొచ్చి అన్నం తింటూ ఆ కొండల గురించి చెప్పేవారు. రెండు పక్కలా కొండలు మీదికొచ్చేస్తాయని, ఇంత గోదారీ అక్కడ కాలవంత అయిపోతుందని, ఇంజను చప్పుడు కొండకి తగిలి మళ్లీ మన చెవిలోనే పడుతుందని. అక్క వడ్డిస్తూ వినేది. ఆయన ఒక్కసారీ తీసుకెళ్లలేదు. పెళ్లాన్ని ఎక్కించుకుని తిప్పుతున్నాడని తోటి సరంగులు ఆటపట్టిస్తారని మొహమాటం. "వచ్చే కార్తీకంలో వెళ్దాంలే" అనేవారు. అలా చాలా కార్తీకాలు వెళ్లిపోయాయి. ఒక ఎండాకాలం ఆయన గుండెనొప్పితో పోయారు.

తరవాత మేమందరం టూరిస్టు బోటులో పాపికొండలు చూసొచ్చాం. అక్క మాత్రం రానంది. "ఆయన లేకుండా ఆ నీళ్ల మీదకి నేను వెళ్లలేనే" అంది. ఇంక ఎవరూ బలవంతం చెయ్యలేదు.

రిటైరైన టీచర్లు కొందరు కలిసి చైనా వెళ్తున్నారని, యాంగ్జీ నది మీద నాలుగు రోజులు కొండల మధ్య ఓడ ప్రయాణమని నాకు తెలిసినప్పుడు ఆ వీడియో ఫోనులో అక్కకి చూపించాను. సరదాకే చూపించాను. అక్క కళ్లజోడు పెట్టుకుని మూడుసార్లు చూసింది. "అచ్చం మీ బావగారు చెప్పినట్టే ఉందే" అంది. కళ్లజోడు తీసేస్తూ, "ఇది వేరే నది కదా. దీని మీదకైతే వెళ్లొచ్చు" అంది. మా ఆయనకి విమానమంటే చచ్చేంత భయం. నాకూ ఒక తోడు కావాలి. అక్కకి పాస్‌పోర్టు చేయించాం.

బృందంలో ఇరవై ఇద్దరం. దాదాపు అందరికీ ఇంగ్లీషు వచ్చు గానీ చైనా గైడు అమ్మాయి పలికే ఇంగ్లీషు నాకు తప్ప ఎవరికీ అందలేదు. మొదటి రోజే అందరూ కలిసి నన్ను దుబాసీని చేసేశారు. ఆ పిల్ల చెప్పడం, నేను తిప్పి చెప్పడం, అందరూ తలలూపడం. నాకు గొప్పగానే ఉండేది, అబద్ధమెందుకు. కాని ఆ గొప్ప అనుభవించనివ్వకుండా నా పక్కన అక్క ఉండేది.

అక్కకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. నా మోచెయ్యి పట్టుకుంటే గాని నడవలేదు. పది అడుగులు వేసి ఆగుతుంది. ఓడ ఎక్కకముందు నాలుగు రోజులు ఊళ్లు తిప్పారు. ఎక్కడికి వెళ్లినా మేమిద్దరం చేరేసరికి మిగతావాళ్లు ఫొటోలు దిగి వెనక్కి వస్తుండేవాళ్లు. గోడ అని తీసుకెళ్తే గోడ మొదలు చూశాం. గుడి అని తీసుకెళ్తే గుమ్మం చూశాం. "నువ్వెళ్లవే, నేనిక్కడ కూచుంటాను" అని అక్క ప్రతిసారీ అనేది. ముసలావిణ్ని ఒంటరిగా వదిలేసి పోయిందని మిగతావాళ్లు అనుకుంటారేమోనని నేను వెళ్లేదాన్ని కాదు. పక్కనే నిలబడి లోపల ఉడికిపోయేదాన్ని. పైగా నిమిషానికోసారి "ఏమంటోందే?" అని అడిగేది. బడిలో అరవైమంది పిల్లలు ఒకేసారి అడిగినా అంత విసుగు రాలేదు నాకు.

విసుక్కోదగ్గ మనిషి కాదావిడ. నాకు మొదటి పోస్టింగు జంగారెడ్డిగూడెంలో వచ్చినప్పుడు మా అమ్మాయికి పది నెలలు. సోమవారం పొద్దున్న బస్సెక్కితే మళ్లీ శనివారం సాయంత్రమే వచ్చేదాన్ని. నాలుగేళ్లు దాన్ని పెంచింది అక్క. శనివారం నేను చేతులు చాపితే అది అక్క కొంగు వెనక దాక్కునేది. "అమ్మే, వెళ్లు" అని చెప్పి చెప్పి, దాన్ని నా ఒళ్లో కూర్చోబెట్టి, తను వంటింట్లోకి వెళ్లిపోయేది. ఇదంతా నాకు చైనాలోనూ గుర్తుంది. గుర్తుండీ విసుక్కున్నాను.

ఓడ ఎక్కిన మూడో రోజు పొద్దున్న. ఆ రోజు పెద్ద ఓడని రేవులో ఆపేసి, చిన్న పడవల్లో ఒక సన్నటి పాయలోకి తీసుకెళ్తారు. కొండలు బాగా దగ్గరికొచ్చేది అక్కడే. వీడియోలో అక్క మూడుసార్లు చూసింది ఆ చోటే. ముందు రోజంతా "రేపే కదే?" అని అడుగుతూనే ఉంది. పొద్దున్నే లేచి, పెట్టె అడుగునున్న కొత్త నేత చీర తీసి కట్టుకుంది. పైన స్వెట్టరు వేసుకుని, బల్ల దగ్గర కూర్చుని బ్రెడ్డు మీద ఆవకాయ రాసుకుంటోంది.

గైడు అమ్మాయి మా బల్ల దగ్గరికి వచ్చింది. "ఆంటీకి మెట్లు కష్టం కదా. రేవులో మోసే కుర్చీ ఉంది. ఇద్దరు మనుషులు జాగ్రత్తగా కిందకి దింపుతారు. పడవలో ముందు సీటు ఇప్పిస్తాను. కాస్త ఆలస్యమవుతుంది కాబట్టి మీరిద్దరూ ఆఖరి పడవలో రండి. ఆంటీకి చెప్పండి" అంది.

ఆఖరి పడవ అనేసరికి నాకు ఒళ్లు మండింది. ఈ ఒక్క చోటైనా అందరితో పాటు వెళ్లి, అందరూ చూసినప్పుడే నేనూ చూడాలని రాత్రే అనుకున్నాను.

"ఏమంటోందే?" అంది అక్క.

"మెట్లు చాలా ఉన్నాయిట అక్కా. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఓడలోనే ఉండిపోవాలంటోంది."

నా నోట్లోంచి అది అంత సాఫీగా వచ్చింది. అక్క చేతిలో బ్రెడ్డు పళ్లెంలో పెట్టేసింది. "అలాగా" అంది. చేతులు తుడుచుకుని, "పోన్లే, వాళ్ల రూలు వాళ్లది. నువ్వెళ్లి చూసిరా" అంది. తరవాత ఆ పిల్లకేసి తిరిగి, రెండు చేతులూ జోడించి, తనకొచ్చిన ఒక్క ఇంగ్లీషు మాట, థాంక్యూ, చెప్పింది. ఆ పిల్లకి అర్థం కాక నావైపు చూసింది. ఆంటీ రానంటోంది, ఇక్కడే విశ్రాంతి తీసుకుంటుందట అని ఇంగ్లీషులో చెప్పాను. అటొక అబద్ధం, ఇటొక అబద్ధం. ముప్పై రెండేళ్లు చెప్పిన ఇంగ్లీషుని నేను వాడుకున్న తీరు అదీ.

మొదటి పడవలో మొదటి వరసలో కూర్చున్నాను. పాయలోకి తిరగ్గానే నీళ్లు ఆకుపచ్చగా మారాయి. కొండలు నిలువుగా లేచి పైన ఒకదానిమీదికొకటి వంగాయి, మధ్యలో ఆకాశం చీర అంచంత మిగిలింది. పడవవాడు ఏదో కేక వేస్తే ఆ కేక కొండకి తగిలి మళ్లీ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ పూట నాకు బాధేమీ లేదు, హాయిగా ఉంది. మోచెయ్యి మీద బరువు లేకుండా నేను నడిచింది ఆ ఒక్క పూటే. ఇప్పుడు నా మీద నాకు ఎక్కువ అసహ్యం వేసేది అబద్ధమాడినందుకు కాదు, అంత హాయిగా ఉండగలిగినందుకు.

తిరిగొచ్చి రేవు మెట్లెక్కుతుంటే ఆ కుర్చీ ఎదురొచ్చింది. ఇద్దరు మనుషులు వెదురు బొంగుల మీద మోసుకొస్తున్నారు. అందులో ఎవరో తెల్లజుట్టు విదేశీ ఆవిడ, మా అక్క కన్నా పెద్దదే, చెప్పులు ఒళ్లో పెట్టుకుని నవ్వుతూ దిగుతోంది. నేను పక్కకి తప్పుకుని దారిచ్చాను. అప్పటికీ ఇంకో పడవ ఉంది. పరుగెత్తుకెళ్లి అక్కని తీసుకురావడానికి టైముంది. తీసుకొస్తే నేను పొద్దున్న చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. మెల్లిగా మెట్లెక్కి ఓడలోకి వెళ్లాను.

అక్క డెక్కు మీద, మా పడవలు వెళ్లిన వైపుకే తిరిగి కూర్చునుంది. పొద్దున్న టిఫిన్‌లో ఇచ్చిన నారింజపండు నా కోసం కొంగులో దాచింది.

"ఎలా ఉందే?" అంది.

"ఏముందక్కా, నీళ్లూ రాళ్లూను. మన పాపికొండల ముందు దిగదుడుపే" అన్నాను.

"మన పాపికొండలు నేను చూళ్లేదుగా" అంది అక్క, మామూలుగానే. "ఫొటోలు తీశావా? చూపించు."

"ఛార్జింగ్ అయిపోయిందక్కా" అన్నాను. ఫోను నా సంచిలోనే ఉంది, సగానికి పైగా ఛార్జింగుంది, రెండొందల ఫొటోలున్నాయి. నారింజ వలిచి సగం నా చేతిలో పెట్టింది అక్క. తిన్నాను.

ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ అక్క ఒకటే చెప్పేది. "మా చెల్లి లేకపోతే నేను ఆ దేశంలో మూగదాన్నేనండి. ప్రతి మాటా విడమరిచి చెప్పింది పాపం. నన్ను వదిలి ఒక్క చోటుకీ వెళ్లలేదు. ఒక్క పూట నేనే బలవంతాన పంపించాను." నేను వంటింట్లో కప్పులు కడుగుతూ వినేదాన్ని. ఫొటోలు అడిగితే ఫోను పాడైందన్నాను. రోజూ చెప్పేద్దామనుకునేదాన్ని. ఇప్పుడు చెప్పి ఆవిణ్ని బాధపెట్టడమెందుకని నాకు నేనే నచ్చజెప్పుకునేదాన్ని. నా భయానికి అలా ఒక మంచి పేరు పెట్టుకున్నాను.

క్షేమంగా తిరిగొస్తే వ్రతం చేయిస్తానని మా ఆయన మొక్కుకున్నారట. నెల తిరగకుండా అన్నవరం వెళ్లాం. మేమిద్దరం పీటల మీద కూర్చున్నాం. అక్క వెనక గోడకి ఆనుకుని కూర్చుంది. కథలో, పడవలో ఏముందని అడిగితే వర్తకుడు అబద్ధం చెప్పే చోటు వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు విన్నానో ఆ కథ. ఆ రోజు మాత్రం అక్షతలు పట్టుకుని తల దించుకున్నాను. సత్యం అని పేరున్న దేవుడి ముందు కూర్చుని, వెనక్కి తిరిగి అక్క మొహం చూడలేకపోయాను.

మా ఆయన ప్రసాదం తేవడానికి వెళ్లినప్పుడు, అరుగు మీద అక్క పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. కుర్చీ, ముందు సీటు, ఆఖరి పడవ, ఫోను, అన్నీ. ఏడుస్తూనే చెప్పాను.

అక్క అడ్డురాకుండా వింది. అయ్యాక, "మోసే కుర్చీ ఉందా?" అంది.

"ఉంది."

"ముందు సీటు ఇస్తానందా?"

"అంది అక్కా."

అక్క కొండ కింద కనిపించే నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. తిడుతుందనుకున్నాను. నోరున్న మనిషి, తిట్టడం మొదలెడితే వీధి చివరికి వినిపిస్తుంది. నేను అన్నం మాడ్చినా, మా ఆయనతో గొడవపడి పుట్టింటికి పోయినా "ఒసే బుద్ధిలేనిదానా" అని దులిపేసి, అరగంటలో అన్నం పెట్టేది. అందుకే ఎదురుచూశాను. ఈలోపు మా ఆయన పొట్లాలతో వచ్చారు. అక్క గోడ పట్టుకుని లేచింది. నేను మోచెయ్యి అందించాను. "మీరు నడవండి, నేను మెల్లిగా వస్తాను" అంది. మా ఇద్దర్నీ కలిపి అందనుకున్నాను.

కారులో మా ఆయన ముందు కూర్చున్నారు. వెనక మేమిద్దరమే. సగం దారిలో అక్క సంచిలోంచి నీళ్ల సీసా తీసి నాకు అందించింది.

"మంచినీళ్లు తాగుతారాండి?" అంది.

ఒక్క క్షణం ఎవరితో అంటోందో తెలియలేదు. మా వైపు కూరలమ్మే ఆవిణ్నీ అండీ అంటాం, బస్సు కండక్టర్నీ అండీ అంటాం. కొత్తవాళ్లెవరైనా సరే, ఆ మాట లేకుండా మాట్లాడటం చేతకాదు మాకు. నలభై ఏళ్లలో అక్క నన్ను ఆ మాట అనలేదు.

ఇదయ్యి ఏడు నెలలు. అక్క నాతో మాట్లాడటం మానలేదు. పులుసు పెడితే తన వాటాలోంచి గిన్నెలో పంపిస్తుంది. మా అమ్మాయి ఫోను చేస్తే "మీ అమ్మగారికి ఇస్తానుండు" అంటుంది. పైకి చూస్తే ఎవరికీ ఏ లోటూ కనపడదు. "మీ అక్కకి ఈ మధ్య మర్యాదలెక్కువయ్యాయే" అని మా ఆయన నవ్వారు. కారణం నేను చెప్పలేదు.

మొన్న ఆదివారం ఉండబట్టలేక అక్క దగ్గరికి వెళ్లాను. "రండి, కూర్చోండి" అని ఫ్యాను వేసింది. కాఫీ కలిపి తెచ్చింది. గ్లాసు తీసుకోకుండా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, ఒక్కసారి నోరారా తిట్టవూ?" అన్నాను.

అక్క మెల్లిగా చెయ్యి విడిపించుకుంది. గ్లాసు నా ముందు బల్ల మీద పెట్టింది.

"అయ్యో, మిమ్మల్ని తిట్టడమేంటండి" అంది.