సీసా అడుగున పేరు

పెద్దమ్మ వంటగదిలో అలమారా తెరిస్తే మందుల షాపే. కాకపోతే ఏ మందు మీదా పేరుండదు. ఎండబెట్టి నలిపిన పుదీనా, చామంతి రేకులు, మందారాలు, ఇంకా ఆవిడకే తెలిసిన ఆకులు, అన్నీ ఒకే రకం సీసాల్లో ఉంటాయి. ఎవరికి దగ్గొచ్చినా, మోకాలు వాచినా ఆవిడ ఓ మూత తీసి, కళ్లు మూసుకుని వాసన చూసి "ఇదే" అనేది. వీధంతా ఆవిడని సీసాల పెద్దమ్మ అనేవాళ్లు.

ఆవిడ చెల్లెలి కూతురికి ఆ అలమారా చూస్తే ఒళ్లు మండేది. ఆమె నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తుంది. అక్కడ ఉత్త మంచినీళ్ల సీసాకి కూడా పేరుండాల్సిందే. కానీ పనికి వెళ్తూ నాలుగేళ్ల కొడుకుని ఈ పెద్దమ్మ దగ్గరే దింపాలి. వేరే దిక్కు లేదు.

"పేర్లు రాసి అంటిస్తాను పెద్దమ్మా, నీకు దణ్ణం పెడతా."

"చదువుకుని గుర్తుపట్టే ఖర్మ నాకేంటే ల్యాబమ్మా? ముక్కుందిగా!"

ఆ వారం జలుబు ఆ ఇంట్లో ఎవర్నీ వదల్లేదు. పిల్లాడు దగ్గు ఆపట్లేదని ఫోనొస్తే ఆమె పని మధ్యలోనే పరుగెత్తుకొచ్చింది. పెద్దమ్మ తుమ్ముతూ, కందిపోయిన ముక్కు తుడుచుకుంటూ, వాడి నోటి దగ్గర కషాయం గ్లాసు పెడుతోంది.

"ఆగు! ఏంటది?"

"పుదీనా. అరవకు, బిడ్డ జడుసుకుంటాడు."

"పుదీనా అని ఎలా తెలుసు?"

"వాసన..." అంటూ పెద్దమ్మ సీసా ముక్కుకి ఆనించుకుంది. గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది. ఏ వాసనా తగల్లేదు.

గట్టు మీద రెండు సీసాలున్నాయి. రెండింట్లోనూ ఎండి నలిగిన ఆకే. ఒకటి పుదీనా. రెండోది వాపులకి పైపైన కట్టే ఉమ్మెత్త; లోపలికి పోతే ప్రాణం మీదకొస్తుంది. ఆమె రెండూ లాక్కుని వాసన చూసింది. ఆమె ముక్కూ దిబ్బడే!

"తాగావా నాన్నా? ఒక్క చుక్కైనా?"

"వేడిగా ఉంటే ఎలా తాగుతానమ్మా!" అని వాడే విసుక్కున్నాడు.

పెద్దమ్మ గ్లాసు తీసుకెళ్లి తూములో ఒంపేసింది. తర్వాత రెండు సీసాలూ చెత్తబుట్టలో బోర్లించింది. అయినా నోరు ఊరుకుంటేనా! "నిలబడి చూస్తావేం? వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు."

డాక్టరు మామూలు జలుబే అన్నాడు. ముక్కు తెరుచుకున్నాక పెద్దమ్మే కబురుపెట్టింది. ఒక్కో సీసా వాసన చూసి ఆవిడ చెబుతుంటే ఆమె రాసింది. ఉమ్మెత్త ఇంక ఇంట్లోకి రాకూడదన్న షరతుకి ఆవిడ కిక్కురుమనకుండా ఒప్పుకుంది. పేర్లు మాత్రం సీసాల అడుగునే అంటించాలని పట్టుబట్టింది.

"అడుగునా? ఎవరు చదవాలని?"

"ముందు అంటిస్తే వీధిలో నా పరువేం కాను?"

ఇప్పుడూ ఎవరైనా వస్తే పెద్దమ్మ సీసాని తల కంటే పైకెత్తి, వెలుతురులో ఆకు చూస్తున్నట్టు కాసేపు పట్టుకుంటుంది. ఆ తర్వాతే మూత తీసి, కళ్లు మూసుకుని, "ఇదే" అంటుంది. పక్కనున్న ల్యాబమ్మ పళ్లు నూరుకుంటూ ఊరుకుంటుంది.