ఇంపైన పేరుకి పరీక్ష

మా తాడేపల్లిగూడెం బజార్లో గుడ్‌విల్ అంటే ఏమిటో ఎవరినడిగినా చెబుతారు. షాపు ఖాళీ చేసి వెళ్ళేవాడికి కొత్తగా దిగేవాడు చేతిలో పెట్టే మొత్తం. కామర్స్ చదివిన నాకు తెలిసిన గుడ్‌విల్ వేరు. ఒక వ్యాపారాన్ని కొనేటప్పుడు అందులోని ఆస్తుల విలువకంటే ఎంత ఎక్కువిస్తే అంత గుడ్‌విల్ అని కొన్న కంపెనీ తన లెక్కల్లో రాసుకుంటుంది. మా బాబాయి ఈ రెండూ ఒప్పుకునేవారు కాదు. ఆయన దృష్టిలో గుడ్‌విల్ అంటే ఆయనే.

అందుకు కారణం లేకపోలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మండవల్లిలోని తన ఐసు ఫ్యాక్టరీని ఆయన ఒక కంపెనీకి అమ్మారు. కొల్లేరు చేపలు పెట్టెల్లో ఐసు ముక్కల మధ్య పడుకుని లారీల్లో కలకత్తా వెళ్తున్న రోజులవి. ఫ్యాక్టరీకి మా ఇంటిపేరే పేరు. మిషన్లకీ షెడ్డుకీ ఇవ్వాల్సింది ఇచ్చాక, ఆ పేరు కోసం కంపెనీ పైన ఇంకా ఇచ్చింది. ఆ పేరుతో ఆయన మరెక్కడా వ్యాపారం చేయకూడదని కూడా రాయించుకుంది. ఏలూరులో ఆ కంపెనీ ఆఫీసులో లెక్కలు చూసేది నేనే. జీతం తీసుకుని మా ఇంటిపేరుని పరాయివాళ్ళ ఆస్తుల్లో చూపించే ఉద్యోగం నాది.

తన మంచితనానికి ధర పలికిందని బాబాయి చెప్పని చోటు లేదు. చర్చి అయ్యాక మెట్ల దగ్గరా చెప్పేవారు, బస్సులో పక్క సీటాయనకీ చెప్పేవారు. పిన్ని మాత్రం నాకు కాఫీ ఇస్తూ, "ఈయన మంచితనమంతా కంపెనీవాళ్ళు కొనుక్కుపోయారురా. ఇంట్లోకి చుక్క మిగల్లేదు" అనేది.

తర్వాత కొత్త నియమం వచ్చింది. లెక్కల్లో రాసుకున్న ఆస్తి నిజంగా అంత విలువ చేస్తోందా అని చూడాలి. దాని పేరు ఇంపెయిర్‌మెంట్. బాబాయి ఆ మాటని రెండుసార్లు నమిలి, "ఇంపైన పేరుమెంటు. బానే పెట్టారు" అన్నారు. అది పేరు ఇంపు పెంచడానికి కాదనీ, తరుగు చూడ్డానికనీ చెబితే ముఖం మాడ్చుకున్నారు.

"ఎప్పుడు చేస్తార్రా పరీక్ష?"

"ఏటా మార్చికి ఒకసారి చుట్టూ చూసుకోవాలి బాబాయ్. గిరాకీ పడిపోయిందా, చట్టం ఏమైనా మారిందా అని. అలాంటి సూచన లేకపోతే పరీక్షే లేదు. కొన్ని దేశాల్లో అయితే సూచన ఉన్నా లేకపోయినా ఏటా చెయ్యాల్సిందేనట."

"మనదే నయం. జ్వరం వస్తేనే డాక్టరు."

అప్పట్నుంచీ మార్చి వచ్చిందంటే ఫోను. "ఏరా, నాకు పరీక్షుందా?" లేదని చెబితే పదోతరగతి గట్టెక్కిన పిల్లాడిలా సంబరపడేవారు. నేను కూడా కావాలనే కాసేపు నాన్చి చెప్పేవాణ్ణి.

ఒక ఏడాది చలి తగ్గుతుండగా కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేయడం మొదలైంది. సరస్సుని సరస్సుగానే ఉంచాలన్నారు సర్కారువాళ్ళు. అది మంచిదా చెడ్డదా అని ఇప్పటికీ మా చుట్టాల్లో వాదనలు తెగవు. ఐసు ఫ్యాక్టరీకి మాత్రం వాదన అక్కర్లేదు. చెరువులు లేకపోతే చేపల్లేవు, చేపల్లేకపోతే ఐసు దేనికి? ఆ మార్చిలో బాబాయి ఫోను చేయలేదు.

విజయవాడ నుంచి ఆడిటరు వచ్చాడు. ఆడిటర్లంటే నాకు మొదట్నుంచీ పడదు. మన టీ తాగి మన తప్పే పట్టుకుంటారు. మా మేనేజరు గారు ఆయనకి రెండో టీ కూడా ఇప్పించి, "ఈ ఒక్క ఏడాదీ ఆగుదామండీ. మళ్ళీ గట్లు వేసుకోనిస్తారేమో" అన్నారు.

"సూచన కనపడ్డాక ఆగడానికి లేదండీ. చూడాల్సింది ఇప్పుడే" అన్నాడాయన మెత్తగా.

సరిగ్గా అప్పుడే బాబాయి దిగారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకి వచ్చినట్టు. పరీక్ష తనకైనప్పుడు తను లేకుండా ఎలా చేస్తారని ఆయన ఉద్దేశం. ఆడిటరు పక్కన కూర్చుని తన పేరు ఎలా వచ్చిందో మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరింట్లో మనిషి పోయినా, దూరం నుంచి రావాల్సినవాళ్ళు వచ్చేదాకా ఐసు దిమ్మలు ఈయనే పంపేవారు. ఏ కులమని గానీ ఏ మతమని గానీ అడిగింది లేదు, పైసా పుచ్చుకుంది లేదు. అదంతా నిజమే, నేనెరుగుదును.

ఆడిటరు ఓపిగ్గా విన్నాడు. "మీరు చెప్పింది కాదనట్లేదండీ. ఇక మీదట ఐసు కొనేవాళ్ళెవరండీ?"

బాబాయి చొక్కా ఇస్త్రీ మడతలు సవరించుకున్నారు. నాకు ఆడిటరు మీద ఒళ్ళు మండింది కానీ, అతను అడిగిందాంట్లో తప్పేం లేదు.

లెక్క వేసింది నేనే. ఫ్యాక్టరీ ఇక ముందు సంపాదించగలిగేదీ, అమ్మితే వచ్చేదీ, రెండిట్లో ఎక్కువైనదాన్ని పుస్తకాల్లోని విలువతో పోల్చాలి. ఎంతో తక్కువొచ్చింది. అలా తక్కువైనప్పుడు మొదటి దెబ్బ గుడ్‌విల్‌కే, అది చాలకపోతేనే మిషన్ల జోలికి వెళ్ళాలి. మా ఇంటిపేరు విలువని నా చేత్తో నేనే సున్నా చేశాను.

ఆదివారం మండవల్లి వెళ్ళాను. పిన్ని కొరమేను పులుసు పెట్టింది. రెండు ముద్దలయ్యాక చెప్పాను.

"కొంచెం కూడా మిగల్లేదా?" అన్నారు బాబాయి.

"మిషన్లు కొన్ని మిగిలాయి."

"మిషన్లు మిగిలి నేను పోయానన్నమాట." కాసేపు కంచంలో వేలు తిప్పి, "సరే, మంచిదే. విలువలేని పేరు వాళ్ళకి దేనికిరా? నాది నాకిచ్చెయ్యమను" అన్నారు.

నవ్వులాటకేమో అనుకున్నాను. కాదు. నిజంగానే అడుగుతున్నారు.

"లెక్కల్లో కొట్టెయ్యడమంటే ఇచ్చెయ్యడం కాదు బాబాయ్. పేరు వాళ్ళదే. విలువే లేదు."

ఆయన తలొంచుకున్నారు. అంతకంటే క్రూరమైన మాట నా నోటి వెంట ఎప్పుడూ రాలేదు.

పిన్ని గరిటె పట్టుకుని వచ్చి ఆయన పక్కన నిలబడింది. "వాళ్ళిచ్చేదేంటండీ? మీ ఇంటిపేరు నా పేరు ముందు పెట్టుకుని ఈ ఇంటికొచ్చాను. అది కొంటామని నన్నెవరూ అడగలేదు, నేను అమ్మనూ లేదు. పులుసు చల్లారిపోతోంది, తినండి."