జీపు పోని ఊళ్ల కోసం సైకిలు మీద పాలమూరుకు

రాజమణి ఉత్తరం బుధవారం మధ్యాహ్నం చేతికి వచ్చింది. శనివారం తెల్లవారి అయిదు గంటలకు నేనూ మా నాయినా చెరొక సైకిలు ఎక్కి నల్లగొండ దాటాము. ఈ రెంటికీ నడుమ ఏం జరిగిందో ముందు చెప్పాలి.

నేను గ్రామసేవికను. కేతేపల్లి వైపు ఐదు ఊళ్లు తిరిగి ఆడవాళ్లకు పిల్లల ఆరోగ్యం, శుభ్రత, కుట్టుపని చెప్పడం నా ఉద్యోగం. కొత్తలో మమ్మల్ని ఊళ్లకు జీపు దింపుతుందన్నారు. ఆ జీపు నెలకొకసారి వచ్చేది, అదీ రోడ్డు పక్క ఊరి వరకే. మా నాయిన ఇది చూసి, నడుమ రాడ్డు లేని ఆడవాళ్ల సైకిలు పాతది ఒకటి వెతికి తెచ్చాడు. ఆయన నేత మనిషి. ఇరవై ఏళ్లు చీరల మూట కేరియర్‌కు కట్టుకుని దేవరకొండ, కల్వకుర్తి సంతలు తిరిగాడు. నాకు సైకిలు నేర్పింది ఆయనే. రెండేళ్లుగా నా ఐదు ఊళ్లూ దాని మీదే తిరుగుతున్నాను.

రాజమణి నాతో కలిసి శిక్షణ పొందింది. మక్తల్ నేతవాళ్ల అమ్మాయి. అప్పట్లో పాలమూరులో ఎనిమిది మంది కొత్త సేవికల మీద పెద్దగా ఉండేది. ఆ ఎనిమిది మందికీ జీపు పోని ఊళ్లు పడ్డాయి. పై అధికారి ఆ ఊళ్లకు మగవాళ్లను వేసి, వీళ్లను ఇంటికి పంపుతానన్నారట. సైకిళ్లు ఇప్పించండి, పోతామని రాజమణి అడిగితే ఆయన నవ్వి, "ముందు ఒక్క ఆడమనిషి సైకిలు మీద ఈ ఆఫీసుకు వచ్చి చూపించమనండి, తరువాత సైకిళ్ల సంగతి మాట్లాడదాం" అన్నారట. సోమవారం పదకొండు గంటలకు మీటింగు. ఆ తరువాత కాగితాల మీద సంతకాలు అయిపోతాయి. ఉత్తరం చివర రాజమణి ఇట్లా రాసింది: "అండాలూ, నాకు తెలిసినంతల సైకిలు తొక్కే ఆడిది నువ్వొక్కదానివే. నువ్వు రావాలె. బస్సుల రావొద్దు."

ఉత్తరం చదివి వినిపిస్తే నాయిన కాసేపు మగ్గం ఆపాడు. "మూడు దినాల తొవ్వ బిడ్డా. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల. నేనూ వస్త" అన్నాడు.

అమ్మ జొన్నరొట్టెలు, ఎండుమిరప కారం, ఉల్లిగడ్డలు గుడ్డలో కట్టి ఇచ్చింది. పంపు, పంచరు సామాను, రెండు జతల బట్టలు, ఒక నీళ్ల సీసా. ఇంతే మా సామాను.

మాఘమాసం చలి. మొదటి గంట చేతివేళ్లు కొంకర్లు పోయాయి. ఆరున్నరకు కనగల్‌లో చాయ్ తాగాము. హోటలాయన నన్నూ, సైకిలునూ చూసి నాయిననే అడిగాడు: "పెద్దమనిషీ, ఆ రెండో సైకిలు ఎవలిది?" నాయిన నా వైపు చూపించాడు. ఆయన నా గ్లాసులో ఇంకొంచెం చాయ్ పోశాడు.

గుర్రంపోడు దాటేసరికి ఎండ వచ్చింది. అక్కడి నుంచి రోడ్డు కంకర తేలి ఉంది. బండ్ల చక్రాలు నడిచిన గాడిలోనే తొక్కితే సుఖం, పక్కకు జరిగితే సీటు ఎగరేస్తుంది. కొండమల్లేపల్లి దగ్గర నాగార్జునసాగరం కట్ట పనికి పోయే లారీలు వరుసగా ఎదురయ్యాయి. ఒక్కో లారీ పోయాక దుమ్ము దిగే వరకు సైకిలు దిగి నిలబడటమే మంచిదని నాయిన చెప్పాడు. ఈ తొవ్వన వచ్చేవాళ్లకు నేను కూడా అదే చెప్తాను.

ఒంటిగంటకు దేవరకొండ చేరాము. నాయినకు అన్న వరసయ్యే ఆయన ఇంట్లో దిగాము. వాళ్లదీ మగ్గాల ఇల్లే. పెద్దమ్మ పుంటికూర, వేడి అన్నం పెట్టి, నా పక్కనే కూర్చుని మోకాళ్లు ఒత్తుతూ అడిగింది.

"కాళ్లు గుంజుతలేవా బిడ్డా?"

"గుంజుతున్నయ్ పెద్దమ్మా. కూసోనీకే కష్టమైతాంది."

"దినమంత గుంటల కాళ్లు పెట్టి మగ్గం తొక్కేటోళ్లం మనం. గిదేం లెక్క. రేపటికి సర్దుకుంటది."

నిజంగానే సర్దుకుంది. రెండోరోజు ఆరింటికి బయలుదేరితే ఎనిమిదిన్నరకల్లా డిండి చెరువు కట్ట కనిపించింది. అక్కడే కాళ్లు కడుక్కుని రొట్టెలు తిన్నాము. డిండి దగ్గర హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు ఎక్కాలి. శివరాత్రి దగ్గరపడింది. కాలినడకన శ్రీశైలం పోయేవాళ్లు గుంపులు గుంపులుగా ఎదురొస్తున్నారు. తలమీద మూట పెట్టుకున్న ఒక ముసలాయన నన్ను ఆపి, ఎక్కడి నుంచి ఎక్కడికని అడిగి తెలుసుకున్నాడు.

"మేము నడుసుకుంట పోతున్నం, నువ్వు తొక్కుకుంట పోతున్నవ్. బస్సోనికి మనతోని గిరాకీ లేదు" అని నవ్వి, మూట విప్పి నాకు రెండు పేలాల ఉండలు ఇచ్చాడు.

వంగూరు దాటాక తుమ్మముల్లు దిగి నాయిన చక్రం పంచరయింది. ఆయన పంచరు వేస్తుంటే నేను చెట్టు కింద నడుము వాల్చి లేచేసరికి అరగంట గడిచింది. రెండున్నరకు కల్వకుర్తి చేరి అంగడి వీధి సత్రంలో దిగాము. సత్రం అరుగు మీద ఒక పల్లికాయల వ్యాపారి కూర్చుని ఉన్నాడు. మా కథంతా విని, "ఎల్లుండి దాకా ఆగితే నా లారీల పోవచ్చు గదమ్మా" అన్నాడు. లారీలో పోతే లాభం లేదని చెప్పాను. ఆయనకు ఆ మాట అసలు అర్థం కాలేదు. వ్యాపారంలో ఆయనకు అట్లాంటి బేరం ఎప్పుడూ తగిలి ఉండదు.

మూడోరోజు సోమవారం. అయిదింటికే బయలుదేరాము. ఏడుంబావుకు మిడ్జిల్‌లో ఉప్మా తిన్నాము. ఇంకా ఇరవై అయిదు మైళ్లు ఉంది. పదకొండుకు పది నిమిషాల ముందే ఆఫీసు గేటు దగ్గర ఉంటామని నేను లెక్క వేసుకున్నాను.

మిడ్జిల్ దాటి మూడు మైళ్లు పోయాక మేకల మంద అడ్డం వచ్చింది. ఒక మేకపిల్ల సరిగ్గా నా చక్రం ముందుకు ఉరికింది. దాన్ని తప్పించబోయి పక్క గుంతలో పడ్డాను. మోచేయి గీరుకుపోయింది, అది పెద్ద దెబ్బ కాదు. లేచి చూస్తే ముందు చక్రం రిమ్ము ఒంకరపోయి ఫోర్కుకు తగులుకుంది. అది ఇక తిరగదు. నాయిన రాయి తీసుకుని కొట్టి చూశాడు, కాళ్ల మధ్య పెట్టి వంచి చూశాడు. చివరకు రాయి పక్కన పడేసి చెమట తుడుచుకున్నాడు.

"ఇది దుకాణంల పడితేనే ఐతది. పదింటికి బస్సుంది" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. రెండున్నర రోజులు వచ్చి, చివరకు బస్సు దిగి ఆ అధికారి ముందు నిలబడాలా అనిపించింది. నాయిన నా వైపు చూడలేదు. తన సైకిలు కేరియర్ మీది మూట విప్పి కిందపెట్టాడు. సీటు కింద నట్టు వదులు చేసి, సీటును పూర్తిగా దించాడు.

"బస్సుల నేను పోత. నువ్వు దీన్ని తొక్కు."

అది మగవాళ్ల సైకిలు. నడుమ రాడ్డు. చీర కట్టుకుని దాన్ని ఎన్నడూ తొక్కలేదు. ఆ మాటే అన్నాను. పక్క చేనులో పల్లికాయ పీకుతున్న ఒకామె ఇదంతా చూస్తూనే ఉంది. కంచె దాటి వచ్చి నా చేయి పట్టుకుంది.

"నాతోని రా బిడ్డా. గోచి పెట్టి కడత. మేము గట్ల కట్టుకునే గద చేన్ల పని చేసేది."

పల్లికాయ కుప్ప చాటుకు తీసుకుపోయి, నా చీర విప్పించి, మా అవ్వ కట్టుకున్నట్టే గోచి పెట్టి బిగించి కట్టింది. కడుతూనే అడిగింది.

"పాలమూరుకు ఎందుకు పోతున్నవ్?"

"ఆడోళ్లకు సైకిలు వస్తదని ఒక సారుకు చూపియ్యాలె."

"గా సారు ఎన్నడు చేన్ల జూడలేదా ఆడోళ్లు ఏమేం చేస్తరో" అని, నా వీపు మీద ఒక దెబ్బ చరిచింది. "పో. పొద్దెక్కుతాంది."

మొదటి ఫర్లాంగు సైకిలు పాములా మెలికలు తిరిగింది. వెనక్కి చూసే ధైర్యం లేదు. తరువాత కుదురుకుంది. అంతకుముందు రెండు రోజులూ నాయిన వెనకే పోయాను. ఎక్కడ దిగాలో, ఎక్కడ నీళ్లు తాగాలో ఆయనే చెప్పేవాడు. ఇప్పుడు తొవ్వంతా నా ఒక్కదానిదే. భయం వేయాల్సిన చోట నాకెందుకో పాట పాడాలనిపించింది. చిన్నగా పాడుకున్నాను కూడా. జడ్చర్లలో రైలు గేటు వేసి ఉంటే పది నిమిషాలు ఆగాను. గేటు దగ్గర ఆగిన బండ్లవాళ్లంతా నన్ను, నా గోచిని, రాడ్డు సైకిలును ఒకటొకటిగా చూశారు. వాళ్లను చూసుకోనిచ్చి, గేటు తీయగానే ముందు నేనే దాటాను.

జడ్చర్ల దాటాక కల్వకుర్తి బస్సు వెనక నుంచి వచ్చి నా పక్కన నెమ్మదించింది. కండక్టరు తలుపులో నిలబడి, "అమ్మా, మీ నాయిన ఈడనే ఉన్నడు. మీదికెక్కుతవా?" అని అడిగాడు. ఎక్కనన్నాను. కిటికీలోంచి నాయిన చేయి బయటకు వచ్చి, ముందుకు పొమ్మని ఊపింది. బస్సు దుమ్ము రేపుకుంటూ పోయింది.

ఆఫీసు గేటు ముందు దిగేసరికి పదకొండు ఇరవై. వరండాలో ఎనిమిది మంది అమ్మాయిలు నిలబడి ఉన్నారు. రాజమణి ఉరికి వచ్చి నన్ను, సైకిలును కలిపి పట్టుకుంది. "ఇంక సంతకాలు కాలె" అంది. లోపలి నుంచి అధికారి వచ్చారు. నడివయసు మనిషి, కళ్లద్దాలు, మెత్తని మాట.

"జడ్చర్ల దాకా బస్సులో వచ్చి అక్కడి నుంచి తొక్కారేమో, ఎవరికి తెలుసు?" అన్నారు. ఎగతాళిగా అనలేదు, అనుమానంగానే అన్నారు.

అప్పుడే గేటులోంచి నాయిన వచ్చాడు. ఒంకర చక్రం సైకిలును రెండోవైపు పట్టుకుని బస్సు కండక్టరు కూడా వచ్చాడు. ఏం జరుగుతుందో చూద్దామని డ్యూటీ మధ్యలో వచ్చానని తరువాత చెప్పాడు. "సార్, మొన్న కొండమల్లేపల్లి కాడ చూసిన ఈమెను. నిన్న డిండి కాడ చూసిన. ఇయ్యాల ఎక్కమని నేనే అడిగిన, ఎక్కలే" అన్నాడు. ఆ బస్సు నల్లగొండ నుంచి వస్తుందని, మూడు రోజులూ మమ్మల్ని దాటిపోయింది ఆయన బస్సేనని అప్పుడే తెలిసింది.

అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను ఏదో మాటవరసకు అన్నానమ్మా."

"మేము మాట అనే విన్నం సార్" అంది రాజమణి.

ఆయన నా మోచేతి మీది దెబ్బ చూశారు, రాడ్డు సైకిలు చూశారు. చివరకు చిన్నగా నవ్వి, "వారం రోజులు ఇస్తాను. నేర్పండి. తొక్కగలిగిన వాళ్ల ఉద్యోగం ఎక్కడికీ పోదు. సైకిళ్లు నేనే రాసి తెప్పిస్తాను" అన్నారు.

ఆ వారం నా జీవితంలో బాగా నవ్విన వారం. పొద్దున ఆరింటికి, సాయంత్రం అయిదింటికి హైస్కూలు మైదానం. నాయిన రిమ్ము బాగు చేయించాడు. కిరాయికి ఇంకో రెండు సైకిళ్లు తెచ్చుకున్నాము. నాయిన వెనక సీటు పట్టుకుని ఉరికేవాడు. "కిందికి చూడకు బిడ్డా, దూరం చూడు" అని ఎనిమిది మందికీ ఎన్నిసార్లు చెప్పాడో. మైదానం గోడ మీద కూర్చుని చూసేవాళ్లు మొదటి రోజు నవ్వారు. మూడోరోజు సలహాలు చెప్పారు. అయిదోరోజు ఎవరైనా పడితే దిగివచ్చి లేపారు.

నాలుగోరోజు పొద్దున ఒకామె శాలువా కప్పుకుని నడిచి వచ్చింది. అధికారి భార్యనని చెప్పింది. "మా ఇంటి నుంచి కూరగాయల అంగడి రెండు ఫర్లాంగులే. దానికి కూడా జీపు వచ్చే దాకా కూర్చోమంటారు. నాకూ నేర్పుతారా?" అని అడిగింది. రెండుసార్లు పడింది, ఒకసారి గట్టిగానే. ఆదివారం పొద్దున ఆమె కూరగాయల సంచి హ్యాండిల్‌కు తగిలించుకుని మైదానం పక్క నుంచి పోతూ మాకు బెల్లు కొట్టింది.

ఎనిమిది మందిలో ఏడుగురు నేర్చుకున్నారు. ఎనిమిదో అమ్మాయి బాలమణి, తనవల్ల కాదని తేల్చి చెప్పింది. రాజమణి తన కింద ఉన్న రోడ్డు పక్క ఊరు ఆమెకు ఇచ్చి, ఆమెకు పడిన ఊళ్లు తాను తీసుకుంది. ఆ వారంలో తనూ సైకిలు నేర్చుకుంది కదా మరి.

సోమవారం పొద్దున రైలు బండి సామాన్ల పెట్టెలో సైకిళ్లు వేసి కాచిగూడ చేరాము. అక్కడి నుంచి నల్లగొండ బస్సు, సైకిళ్లు టాపు మీద. నాకు కాళ్లు ఊరికే వేలాడుతున్నట్టు అనిపించింది. ఊళ్లు వచ్చి పోతున్నాయి. ఎవరూ ఎక్కడి నుంచి వస్తున్నావని అడగలేదు, పేలాల ఉండ ఇవ్వలేదు. తొమ్మిది రోజులలో మాకు కలిసిన మనుషులలో సగం మంది మేము సైకిలు దిగి నిలబడినందుకే కలిశారని అప్పుడు తోచింది.

సాయంత్రం నాలుగింటికి నార్కట్‌పల్లిలో బస్సు చాయ్ కోసం ఆగింది. నల్లగొండ ఇంకా పన్నెండు మైళ్లు. నాయిన గ్లాసు ఖాళీ చేసి, టాపు మీదికి చూశాడు. తరువాత నా వైపు చూశాడు.

"దించుకుందమా?" అన్నాడు.

"టికెట్టు నల్లగొండ దాకా ఉంది గద నాయినా."

"ఉండనియ్. పొద్దుగూకనీకి ఇంకా టైముంది."

క్లీనరు గొణుక్కుంటూనే సైకిళ్లు దించాడు. బస్సులోని వాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. బస్సు మాకంటే ముందు పోయింది. నాయిన పంచె బిగించుకుని సైకిలు ఎక్కబోతూ ఆగి, చేత్తో రోడ్డు చూపించాడు.

"నువ్వు ముంగట పో. నేను ఎన్క వస్త."